నల్లగొండ రామగిరిలో పాత ఫ్లాట్ కొనాలి, కరెంటు బిల్లు తక్కువ వచ్చేది ఏదో ఎలా తెలుసుకోవాలి?

బత్తాయితోట
రామగిరి వైపు పాత అపార్ట్‌మెంట్‌లో చిన్న ఫ్లాట్ చూస్తున్నాం. ఉండేది నేను, అమ్మ. మా ఇద్దరికి 750 చదరపు అడుగులు చాలు. బిల్డింగ్ కట్టి 20 ఏళ్లు దాటింది. కింద పార్కింగ్, పైన నాలుగు అంతస్తులు. రెండు ఫ్లాట్లు అమ్మకానికి ఉన్నాయి. రెండో అంతస్తుది 24 లక్షలు చెప్తున్నారు, అన్నిటికన్నా పై అంతస్తుది 21కి ఇస్తామంటున్నారు. ఇప్పుడు అద్దెకున్న ఇంట్లో మే నెల బిల్లు వచ్చిందంటే టెన్షన్. రేకుల షెడ్డులో ఉన్నట్టే ఉంటుంది. ఏసీ లేకుండా అమ్మ తట్టుకోలేదు. కొత్త ఫ్లాట్ కొనే స్తోమత మాకు లేదు. పాతవాటిలోనే కరెంటు తక్కువ కాలే ఇల్లు ఎలా గుర్తుపట్టాలి? బ్రోకర్‌ని అడిగితే "అన్నీ ఎల్ఈడీ బల్బులే మేడం" అంటున్నాడు.

కరెంటుపని
బల్బుల సంగతి వదిలేయండి అక్కా, బిల్లులో వాటి వాటా చాలా తక్కువ. రెండు ఫ్లాట్ల పాత బిల్లు ఒక్కోటి అడిగి తీసుకోండి. దాని మీద యూనిక్ సర్వీస్ నంబర్ ఉంటుంది. ఆ నంబర్‌తో మన కరెంటు సంస్థ టీజీఎస్పీడీసీఎల్ సైట్‌లో నెలనెలా ఎన్ని యూనిట్లు కాలాయో చూడొచ్చు. డిసెంబర్ యూనిట్లు, మే యూనిట్లు పక్కపక్కన పెట్టి చూడండి. ఆ తేడాలోనే ఇల్లు ఎంత కాగుతుందో తెలిసిపోతుంది. ఇంట్లో ఎంతమంది ఉన్నారు, ఏసీలు ఎన్ని అనేది కూడా కనుక్కోండి. ఖాళీగా పడున్న ఫ్లాట్ బిల్లు చూసి సంబరపడొద్దు.

దేవరకొండరోడ్
పై అంతస్తు వద్దు. ఇంకో మాట లేదు.

మేడమీదమంచం
ఇంకో మాట ఉందన్నా. మేం పై అంతస్తులోనే ఉంటున్నాం. 3 లక్షలు తక్కువ అంటే చిన్న తేడా కాదు. కప్పుకు తెల్ల పూత వేయించుకుంటే ఉండొచ్చు. వెలుతురు బాగుంటుంది, తల మీద ఎవరూ రోలు దంచరు.

దేవరకొండరోడ్
తెల్ల పూత వేసినా మేలో మధ్యాహ్నం మీ ఇంట్లో ఫ్యాన్ కింద కూర్చోగలరా?

మేడమీదమంచం
కూర్చుంటాం. రెండు నుంచి ఐదు దాకా కూలర్ కావాలి, అది ఒప్పుకుంటా.

లెక్కలసార్
బిల్లు లెక్క ఒకసారి చూడమ్మా. మన దగ్గర ఇంటి కరెంటు 200 యూనిట్ల దాకా ఒక రేటు, దాటితే మొదటి యూనిట్ నుంచే ఇంకో రేటు. 100 దాటి 200 లోపు ఉంటే మొదటి 100కు యూనిట్ 3.40, తర్వాతి 100కు 4.80. సరిగ్గా 200 కాలిస్తే 820 రూపాయలు. 200 దాటితే ఆ మొత్తం 200కు యూనిట్ 5.10 పడుతుంది. దాటిన యూనిట్లకు 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు. అంటే 201 యూనిట్లు కాలిస్తే 1,027 పైన. ఆ ఒక్క యూనిట్‌కే 200 పైన ఎక్కువ. 300 కాలిస్తే 1,790, 400 అయితే 2,690. ఇవి ఎనర్జీ చార్జీలే, ఫిక్స్‌డ్ చార్జీలు, సుంకం వేరే. కాబట్టి మీరు చూడాల్సింది ఒకటే, మే నెలలో కూడా 200 లోపల ఉండగలిగే ఇల్లేనా అని.

పానగల్‌చెరువు
తెల్ల రేషన్ కార్డు ఉంటే గృహజ్యోతి కింద 200 దాకా జీరో బిల్లు వస్తుంది కదా సార్.

లెక్కలసార్
వస్తుంది. 2024 మార్చి నుంచి ఇస్తున్నారు. కానీ 200 దాటిన నెల మొత్తం బిల్లు కట్టాలి. వాళ్లకు ఈ లెక్క ఇంకా ముఖ్యం.

బత్తాయితోట
మాకు కార్డు లేదు సార్, నాది జీతం. ఇప్పుడున్న ఇంట్లో చలికాలం 110 దాకా, మేలో 380 వచ్చింది. అదే ఏసీ, అవే ఫ్యాన్లు. ఇంట్లోకి కొత్తగా వచ్చిందేమీ లేదు.

ఇటుకబట్టి
ఏసీ అదే అయినప్పుడు అన్ని యూనిట్లు పెరిగాయంటే అది గోడల నుంచి, కప్పు నుంచి వస్తున్న వేడి. కాబట్టి ఎండ ఎటు నుంచి తగులుతుందో చూసి ఇల్లు కొనాలి.

నల్లగొండ 17 డిగ్రీల అక్షాంశం దగ్గరుంది. మే మొదటి పక్షంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ రోజుల్లో ఎండ అంతా స్లాబ్ మీదే. దక్షిణం గోడకు మేలో ఎండ దాదాపు తగలదు, సజ్జ ఉంటే అసలే తగలదు. చలికాలంలో మాత్రం సూర్యుడు దక్షిణానికి వాలి ఆ కిటికీల్లోంచి లోపలికి వస్తాడు, అప్పుడు మనకు కావాల్సిందే. తూర్పు గోడకు పొద్దున ఎండ, అప్పటికి గాలి ఇంకా చల్లగానే ఉంటుంది. ఇబ్బంది పెట్టేది పడమర. సాయంత్రం సూర్యుడు కిందికి దిగి అడ్డంగా కొడతాడు, సజ్జ ఆపలేదు, బయట గాలి కూడా అప్పుడే బాగా కాగి ఉంటుంది.

ఈ లెక్కన మంచి ఫ్లాట్ అంటే మధ్య అంతస్తులో, పక్క ఫ్లాట్లు ఆనుకుని ఉండి, బయటికి తెరుచుకునే కిటికీలు ఉత్తరానికో దక్షిణానికో ఉన్నది. పైన, కింద, పక్కన మనుషులుంటే ఆ వైపుల నుంచి ఎండ వేడి రాదు. ఇండిపెండెంట్ ఇంటికి నాలుగు గోడలు, కప్పు అన్నీ ఎండకే. చిన్న ఫ్లాట్ తీసుకోవాలనుకోవడం అందుకే మంచి ఆలోచన. చల్లబరచాల్సిన చోటే తక్కువ.

సాగర్‌రోడ్‌బాబాయ్
24 లక్షలు పెట్టి గాల్లో గది కొనే బదులు ఊరి బయట 100 గజాల జాగా తీసుకొమ్మా. భూమి పెరుగుతుంది.

బత్తాయితోట
బాబాయ్, అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆసుపత్రి, గుడి, కూరగాయలు నడిచిపోయేంత దూరంలో ఉండాలి. జాగా కొని ఇల్లు కట్టే ఓపిక, డబ్బు రెండూ లేవు.

దేవరకొండరోడ్
మోకాళ్ల నొప్పులంటే లిఫ్ట్ ఉందా?

బత్తాయితోట
ఉంది. పాతదే కానీ నడుస్తోంది.

అత్తగారిఊరుచిట్యాల
ఇటుకబట్టి అన్న చెప్పింది కిటికీల గురించి. మన వాళ్లు వాకిలి ఎటుందని మాత్రమే చూస్తారు. దక్షిణం వాకిలి అనగానే వెనక్కి తిరుగుతారు. అందుకే అలాంటి ఫ్లాట్ ధర తగ్గించి ఇస్తారు. మేం తీసుకున్నది అలాంటిదే. వాకిలి దక్షిణం, పడకగది కిటికీ ఉత్తరం. ఇల్లు హాయిగా ఉంది.

సాగర్‌రోడ్‌బాబాయ్
నువ్వు వాస్తు నమ్మకపోవచ్చు తల్లీ, రేపు అమ్మేటప్పుడు కొనేవాడు నమ్ముతాడు. అప్పుడు నువ్వూ తగ్గించే ఇవ్వాలి.

అత్తగారిఊరుచిట్యాల
తగ్గించి కొన్నాం, తగ్గించి అమ్ముతాం. మధ్యలో ఉన్నన్నాళ్లు చల్లగా ఉంటాం కదా బాబాయ్.

గుట్టకింద
గోడల మందం కూడా చూడాలి. మాది పాత కట్టడం, బయటి గోడలు 9 అంగుళాల ఎర్ర ఇటుక. మా తమ్ముడు కొన్న కొత్త ఫ్లాట్‌లో 6 అంగుళాల సిమెంట్ ఇటుక. వాళ్లింట్లో పన్నెండింటికే గోడ మీద చెయ్యి పెట్టలేం. పాత కిటికీలు కూడా మేలు. చెక్క రెక్కలు పూర్తిగా తెరుచుకుంటాయి. ఇప్పటి స్లైడింగ్ కిటికీ ఎంత లాగినా సగమే తెరుచుకుంటుంది. పైన వెంటిలేటర్ ఉంటే రాత్రి వేడి గాలి దానంతట అదే బయటికి పోతుంది. చాలామంది ఏసీ పెట్టి వెంటిలేటర్‌కు అట్ట కొట్టేస్తున్నారు, ఏసీ ఆపాక తీసెయ్యాలి.

ఇటుకబట్టి
మందపు గోడ పగలు చల్లగా ఉంచేది నిజమే. కానీ పడమటి గోడ అయితే సాయంత్రం పీల్చుకున్న వేడి మెల్లగా లోపలికి వచ్చి సరిగ్గా పడుకునే వేళకు బయటపడుతుంది. అందుకే మందపు పడమటి గోడ ఉన్న గదిలో మంచం వేయొద్దు. ఆ గోడకు బయటి నుంచి నీడ పడాలి. వెదురు తడిక కట్టినా, ఆకుపచ్చ నెట్ కట్టినా, చెట్టున్నా సరే. లోపల ఎంత దళసరి కర్టెన్ వేసినా వేడి అప్పటికే గదిలోకి వచ్చేసి ఉంటుంది.

గుట్టకింద
ఇది ఒప్పుకుంటాను. మాకు లతీఫ్ సాహెబ్ గుట్ట దగ్గర. ఎండాకాలం రాత్రి తొమ్మిదైనా ఆ బండ సెగ వస్తూనే ఉంటుంది. గుట్ట వైపు కిటికీ పది దాటాకే తెరుస్తాం.

కూలర్‌గడ్డి
ఏసీ ఏసీ అంటున్నారు కానీ నల్లగొండలో ఏప్రిల్, మే నెలల్లో గాలి పొడిగా ఉంటుంది, కూలర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. 200 వాట్ల లోపే తింటుంది. పది గంటలు నడిపినా 2 యూనిట్లు. ఒక టన్ను ఏసీ రాత్రంతా నడిస్తే దానికి రెండు మూడు రెట్లు. కానీ కూలర్ కిటికీ బయట పెట్టాలి, గాలి పోయేందుకు ఎదురుగా ఇంకో కిటికీ తెరిచి ఉండాలి. ఎదురెదురు కిటికీలు లేని ఫ్లాట్‌లో కూలర్ పెడితే ఇల్లంతా చెమ్మ, జిగట. జూన్‌లో వానలు మొదలయ్యాక దాంతో పనిలేదు. ఫ్లాట్ చూసేటప్పుడు కూలర్ పెట్టే చోటుందా, బాల్కనీలో నల్లా ఉందా చూడండి.

పానగల్‌చెరువు
బోరు నీళ్లతో కూలర్ నడిపితే నెల తిరిగేసరికి గడ్డి తెల్లగా ఉప్పు కట్టి గట్టిపడుతుంది. గీజర్ కాయిల్‌కు కూడా అదే గతి. పొర పట్టిన కాయిల్‌తో నీళ్లు వేడెక్కడం ఆలస్యం, కరెంటు ఎక్కువ. నీళ్ల సంగతి ఎవరూ అడగలేదేంటి ఇంతవరకూ? నల్లగొండలో ఇల్లు కొంటూ నీళ్లు చూడకపోతే ఎలా?

బత్తాయితోట
వారానికి కొన్ని రోజులు మున్సిపల్ నీళ్లు, మిగతా బోరు అని చెప్పారు అన్నా. రెండూ ఒకే సంపులో కలుస్తాయట.

పానగల్‌చెరువు
అదే అడగాల్సింది. మున్సిపల్ నీళ్లు కృష్ణవే, సాగర్ నుంచి ఉదయసముద్రానికి వచ్చి అక్కడ శుద్ధి అయి ఊళ్లోకి వస్తాయి. బోరు నీళ్లలో మన దగ్గర ఫ్లోరైడ్ ఉండే ప్రమాదం ఉంది. ఈ జిల్లాలో ఎన్ని ఊళ్లలో కాళ్లు వంకరపోయిన మనుషులను చూశామో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండూ ఒకే సంపులో కలిపితే తాగేందుకు ఆ నీళ్లు పనికిరావు. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా. సంపు నీళ్లు సీసాలో పట్టి పరీక్ష చేయించండి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. మీ అమ్మగారికి అసలే మోకాళ్ల నొప్పులంటున్నారు.

కూలర్‌గడ్డి
వంటింట్లోకి మున్సిపల్ నీళ్లకు విడిగా ఒక పైపు ఉందేమో చూడమనండి. కొన్ని పాత బిల్డింగుల్లో ఉంటుంది, సంపులో కలవకుండా నేరుగా వస్తుంది.

పానగల్‌చెరువు
అవును, అలా ఉంటే చాలా మంచిది.

కాగితాలచూపు
నేను కాగితాల సంగతి చెప్తాను. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపే కాగితం, 1983 నుంచి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, తీసి చూడండి. బ్యాంకు తనఖా ఏదైనా ఉండి తీరిపోతే విడుదల పత్రం అడగండి. లింకు డాక్యుమెంట్లు, అంటే పాత అమ్మకాల పత్రాలు, అన్నీ ఒరిజినల్స్ చూడండి, జిరాక్స్ చూసి అడ్వాన్స్ ఇవ్వొద్దు. మున్సిపాలిటీ ఎన్ని అంతస్తులకు పర్మిషన్ ఇచ్చిందో ప్లాన్‌లో చూడండి. కొన్ని పాత అపార్ట్‌మెంట్లలో పై అంతస్తు ప్లాన్‌లో ఉండదు, అందుకే చవగ్గా అమ్ముతారు. మీకు 3 లక్షలు ఎందుకు తగ్గిస్తున్నారో ఈ కోణంలో కూడా చూడండి. అన్నిటికంటే ముఖ్యం మీ వాటాకు వచ్చే భూమి. ఎన్ని గజాలో సేల్ డీడ్‌లో రాసి ఉంటుంది. 20 ఏళ్ల బిల్డింగ్‌లో గోడల విలువ తగ్గుతూ పోతుంది, మిగిలేది ఆ గజాలే.

ఇంకోటి, 750 అడుగులంటే మెట్లు, కారిడార్ కలిపిన లెక్కా, గదుల లెక్కా? టేపు పట్టుకుని కొలవండి.

లెక్కలసార్
రిజిస్ట్రేషన్‌కు మొత్తం 7.5 శాతం. 24 లక్షల మీద 1,80,000. ఈ డబ్బు బ్యాంకు లోన్‌లో రాదు, చేతిలో ఉంచుకోవాలి. పాత ఫ్లాట్ కాబట్టి జీఎస్టీ లేదు. బ్యాంకు వాళ్లు బిల్డింగ్ వయసు చూసి లోన్ ఎన్నేళ్లకో నిర్ణయిస్తారు, ముందే వాళ్ల ఇంజినీర్‌తో మాట్లాడండి.

మేడమీదమంచం
పై అంతస్తు వాళ్ల తరఫున ఒక్క మాట చెప్పి ఊరుకుంటా. మా కప్పుకు మొదటి ఏడాది సున్నం కొట్టించాం, వానలకు కొట్టుకుపోయింది. తర్వాత కూల్ రూఫ్ పెయింట్ వేయించాం. స్లాబ్ కింద చెయ్యి పెడితేనే తేడా తెలుస్తుంది, గదిలో రెండు మూడు డిగ్రీలు తగ్గింది. ఎండాకాలం మొదలయ్యే ముందు కడగాలి, దుమ్ము పడితే పని చెయ్యదు. రాష్ట్రంలో 2023లో కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చారు, 2028 దాకా ఉంటుంది. 600 గజాలు, ఆపైన స్థలాల్లో కట్టే ఇళ్లకు తప్పనిసరి. చిన్నవాటికి మన ఇష్టం. పాత బిల్డింగ్‌కు ఎవరూ వచ్చి వెయ్యరు, మనమే పూనుకోవాలి.

కాగితాలచూపు
వేసే ముందు అసోసియేషన్‌ను అడగాలి. కప్పు పై అంతస్తు వాళ్ల సొంతం కాదు, అందరి ఉమ్మడి. ఎవరికో టెర్రస్ హక్కులు రాసిచ్చామని బిల్డర్ చెప్తే నమ్మొద్దు.

కరెంటుపని
ఉమ్మడి అంటే గుర్తొచ్చింది. మెయింటెనెన్స్ ఎంత అని మాత్రమే అడుగుతారు. లిఫ్ట్, బోరు మోటర్, మెట్ల లైట్లు ఉన్న ఉమ్మడి మీటర్ బిల్లు కూడా చూడండి. అందులో మీ వాటా మీ కరెంటు ఖర్చే కదా. కప్పు ఖాళీగా ఉంటే ఉమ్మడి మీటర్‌కు సోలార్ పెట్టుకోవచ్చు. పీఎం సూర్యఘర్ కింద హౌసింగ్ సొసైటీలకు కిలోవాట్‌కు 18,000 సబ్సిడీ ఉంది. పలకల నీడలో స్లాబ్ కూడా కాగదు, పై అంతస్తు వాళ్లకు అది అదనపు లాభం.

ఫ్లాట్ లోపల వైరింగ్ చూడకుండా కొనొద్దు. అల్యూమినియం వైరు ఉంటే మొత్తం మార్చాలి. ఎర్తింగ్ ఉందా, లీకేజీకి పడిపోయే బ్రేకర్ ఉందా చూడాలి. శాంక్షన్ లోడ్, అంటే మీటర్‌కు అనుమతించిన లోడ్, ఒక కిలోవాట్ అని ఉంటే ఏసీకి లోడ్ పెంచమని దరఖాస్తు పెట్టాలి. ఫ్యాన్లు పాతవి ఒక్కోటి 75 వాట్లు. బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లు. రోజుకు 16 గంటలు తిరిగితే నెలకు ఒక్కో ఫ్యాన్ మీద 21 యూనిట్లు మిగులుతాయి. మీ 200 గీత దగ్గర ఆ 21 చాలా విలువైనవి.

దేవరకొండరోడ్
కరెంటుపని తమ్ముడు ఇంత రాశాడంటే ఈ రోజు కరెంటు పోలేదన్నమాట.

బత్తాయితోట
అందరూ చెప్పినవి కాగితం మీద రాసుకుని ఈ రోజు సాయంత్రం నాలుగింటికి అమ్మను తీసుకుని వెళ్లాను. ఎండ ఎలా ఉంటుందో తెలియాలని ఆ టైమే ఎంచుకున్నాను.

పై అంతస్తులో వాళ్లు ఏసీ వేసి ఉంచారు, ఆపమన్నాను. పావుగంటలో అమ్మ బయటికి వచ్చేసింది. హాల్లో స్లాబ్ పెచ్చులు ఊడి రంగు కొత్తగా వేసినట్టుంది. మే నెల యూనిట్లు 410, ముగ్గురు మనుషులు.

రెండో అంతస్తులో ఉండేది ఒక పెద్దాయన, భార్య. డిసెంబర్ 85, మే 190. ఏసీ లేదు, కూలర్ ఉంది. గోడలు 9 అంగుళాలు, కింద తాండూరు బండలు. వంటిల్లు, పెద్ద గది కిటికీలు దక్షిణం వైపు. చిన్న గది మాత్రం పడమర. హాల్లోంచి వంటింట్లోకి గాలి ఆడుతోంది. వంటింట్లో మున్సిపల్ నీళ్లకు విడి నల్లా ఉంది! అమ్మ ముందు అదే చూసింది. వైరింగ్ మాత్రం పాతదే. బాత్రూం గోడకు పై ఫ్లాట్ నుంచి చెమ్మ కనిపించింది.

పానగల్‌చెరువు
విడి నల్లా ఉందంటే సగం భారం దిగినట్టే. అయినా ఆ నల్లా నీళ్లు కూడా ఒకసారి పరీక్షకు ఇవ్వండి. బోరు లైనుకు ఎక్కడైనా కలిపారేమో తెలుస్తుంది.

ఇటుకబట్టి
పైన పెచ్చులూడి రంగు వేశారంటే లోపల రాడ్లు తుప్పు పట్టి ఉంటాయి. అది వద్దు. రెండో దాంట్లో పడమర గదిని స్టోర్ రూమ్‌గానో, బట్టలు ఇస్త్రీ చేసుకునే చోటుగానో పెట్టండి, ఇద్దరూ పెద్ద గదిలో పడుకోండి. పెద్ద గదికి ఒక టన్ను ఏసీ చాలు, ఐదు స్టార్ల ఇన్వర్టర్ తీసుకుని 26 దగ్గర పెట్టి ఫ్యాన్ తిప్పండి. బాత్రూం చెమ్మ పై ఫ్లాట్ వాళ్లు బాగుచేయించాలి. కొన్నాక వాళ్లను అడగడం కష్టం, ఇప్పుడున్న ఓనర్‌తోనే అడిగించండి.

కరెంటుపని
మొత్తం వైరింగ్ మార్చే ఖర్చు ఒక ఎలక్ట్రీషియన్‌తో లెక్క వేయించి ఆ కాగితం ఓనర్ ముందు పెట్టండి. 24 మీద తగ్గించేందుకు మంచి ఆధారం.

సాగర్‌రోడ్‌బాబాయ్
190 యూనిట్ల ఇల్లు అంటే నేనూ ఊరుకుంటానమ్మా. జాగా సంగతి తర్వాత చూద్దాం.

బత్తాయితోట
ఓనర్ 23కి దిగారు. వారంలో అడ్వాన్స్ ఇవ్వమంటున్నారు. అగ్రిమెంట్‌లో ఏమేం రాయించుకోవాలి?

కాగితాలచూపు
అడ్వాన్స్ బ్యాంకు ద్వారానే ఇవ్వండి. భూమి వాటా గజాలు, పార్కింగ్ నంబర్ అందులో ఉండాలి. ఇంటి పన్ను, కరెంటు, మెయింటెనెన్స్ బకాయిలు రిజిస్ట్రేషన్ రోజు దాకా అమ్మేవాళ్లవే అని రాయించండి. బాత్రూం లీకేజీ రిజిస్ట్రేషన్‌కు ముందే బాగుచేయించాలని, బ్యాంకు లోన్ రాకపోతే అడ్వాన్స్ పూర్తిగా వాపసు ఇవ్వాలని రెండు షరతులు పెట్టండి. మీటర్ మీ పేరున మార్చుకునేందుకు సంతకాలు అదే రోజు తీసుకోండి. సంతకం పెట్టే ముందు ఆ కాగితం ఒక లాయర్‌కు చూపించండి.

మేడమీదమంచం
సామాన్లు దించే రోజు చెప్పు చెల్లే, మా వాళ్లిద్దర్ని పంపిస్తా. ఫ్రిజ్ మాత్రం పడమటి గోడకు ఆనించి పెట్టకు.